కుడిచేతి డిప్యుటేషన్

పోయిన ఏడాది ఆరు నెలల పాటు నా కుడిచెయ్యి ఒక చోటా, మిగతా నేను ఇంకో చోటా ఉద్యోగం చేశాం. ఇది సరదాకి అంటున్న మాట కాదు, దీనికి ఉత్తర్వు ఉంది. ఉత్తర్వు నంబరు కూడా చెప్పగలను గానీ, నంబర్లు విని సంతోషించేవాళ్ళు మా ఆఫీసులో తప్ప బయట నాకు ఇంతవరకూ తగల్లేదు.

నా పేరు గుడిమెళ్ళ వరాహమూర్తి. విశాఖపట్నంలో ఒక నియామక మండలిలో సి-4 సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని. అప్పటిదాకా మా మండలి చేపల ఇన్‌స్పెక్టర్లనీ, జైలు వార్డర్లనీ, తూనికలు కొలతల వాళ్ళనీ ఎంపిక చేసేది. పక్క రాష్ట్రంలో కోటూ బూటూ వేసుకుని పాశ్చాత్య సంగీతం వాయించే పెద్ద వాద్యబృందం ఉందని పెద్దలెవరో చూసొచ్చి, మనకెందుకు లేదని అడిగారట. వారం తిరక్కుండా అరవై రెండు పోస్టులు మంజూరై, ఎంపిక బాధ్యత మా నెత్తిన పడింది. అందులో ఫ్రెంచి హార్న్ పోస్టు ఒకటి. నిజానికి నాలుగు హార్న్‌లు ఉండాలట. ముందు ఒకదాని పనితీరు చూసి మిగతావి ఆలోచిద్దామని పైవాళ్ళు రాశారు.

మా కార్యదర్శి త్రివిక్రమరావు గారు అంతకు కొన్నాళ్ళ ముందే పారదర్శకత మీద మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చాక తన గది గోడలు కొట్టించి అద్దాలు పెట్టించారు. ఫైళ్ళకి అట్టలు మాన్పించి ప్లాస్టిక్ కవర్లు తొడిగించారు. బీరువాలకి తలుపులు ఊడదీయించారు. స్టీలు టిఫిన్ డబ్బాలు నిషేధించి గాజువి తెచ్చుకోమన్నారు. దాంతో ఎవరింట్లో ఏ రోజు నిన్నటి కూర పెట్టారో సెక్షనంతటికీ తెలిసిపోయి, ఇద్దరు ముగ్గురి కాపురాల్లో మాటలు పెరిగాయి. పరీక్షల నిబంధనల్లో పద్నాలుగు (బి) కూడా ఆయన స్వయంగా చేర్చిందే. "అభ్యర్థి యొక్క రెండు చేతులును పరీక్ష ఆద్యంతమూ పరిశీలకునికి కనిపించుచుండవలెను." చేపల ఇన్‌స్పెక్టరు పరీక్షలో ఒకాయన చొక్కా చేతుల్లోంచి పద్దెనిమిది చీటీలు రాలాక పుట్టిన నిబంధన అది. అప్పుడు అందరం మెచ్చుకున్నాం.

వాద్యకారుల పరీక్షకి పరిశీలకుణ్ణి నేనే. వయొలిన్ల వాళ్ళు రెండు చేతులూ చక్కగా చూపించి వాయించి వెళ్ళారు. ఫ్లూట్ల వాళ్ళు వెళ్ళారు. డప్పుల్లాంటివి వాయించే ఒకాయనైతే చేతులు అవసరానికి మించి చూపించాడు. మూడో రోజు పొద్దున హార్న్‌కి దరఖాస్తు పెట్టిన ఏకైక అభ్యర్థి వచ్చింది.

పేరు దారా కెజియా. భీమిలి పిల్ల. వాళ్ళ తాత నౌకాదళం బ్యాండులో హార్న్ వాయించి రిటైరయ్యాడు. మనవరాలికి ఎనిమిదో ఏట నుంచి నేర్పాడు. ఆ అమ్మాయి పొద్దున ఒక కాన్వెంటులో పిల్లలచేత ప్రార్థన పాడించి, సాయంత్రం బీచి చివర, చెవులున్నవాళ్ళెవరూ లేనిచోట కూర్చుని పంతొమ్మిదేళ్ళు సాధన చేసింది. ఈ వాద్యానికి మన దగ్గర పెళ్ళిళ్ళలో గిరాకీ లేదు, సినిమా వాళ్ళు కంప్యూటర్లో వాయించేసుకుంటున్నారు. ఉద్యోగమంటూ ఉంటే ఇదొక్కటే. దీనికి ఇరవై ఎనిమిదేళ్ళు దాటకూడదు. జులై ఒకటో తారీఖుకి ఆమెకి దాటిపోతాయి.

హార్న్ అంటే చుట్టలు చుట్టిన ఇత్తడి గొట్టం, చివర పెద్ద గరాటు. కెజియా కుర్చీలో కూర్చుంది, ఎడమచెయ్యి మీటల మీద పెట్టింది, కుడిచెయ్యి గరాటులో దూర్చింది. నేను విజిల్ ఊదాను.

"చెయ్యి బయటికి తియ్యమ్మా."

"ఇది తియ్యకూడదండి. ఇలాగే వాయిస్తారు."

"లోపల ఏముంది?"

"చెయ్యేనండి."

"చెయ్యే అని నాకెలా తెలుస్తుంది?"

ఆ అమ్మాయి చెయ్యి తీసి చూపించింది. మళ్ళీ లోపల పెట్టింది. మళ్ళీ విజిల్ ఊదాను. ఇలా నాలుగుసార్లయ్యాక, "సరే సార్, మీ ఇష్టం" అని చెయ్యి బయట పెట్టే వాయించింది. దూడ తప్పిపోయిన గేదె కూడా అంత గట్టిగా అరవదు. నిపుణుడిగా కూర్చున్న డిసౌజా మాస్టారు చెవులు మూసుకుని లేచారు. కొత్త వాద్యబృందాన్ని నడపబోయేది ఆయనే.

"ఏటండీ ఈ అన్యాయం! ఆ చెయ్యి లోపలుంటేనే స్వరం మెత్తబడుద్ది, శృతి నిలబడుద్ది. ఆ చెయ్యి సగం వాద్యమండీ బాబూ!"

ఆయన ఆ మాట కోపంలో అన్నారు. నేను నిబంధనల ప్రకారం దాన్ని రాసుకుని కార్యదర్శి గారికి పంపాను. పరీక్ష వాయిదా పడింది.

రెండు రోజులు త్రివిక్రమరావు గారు అద్దాల గదిలో ఆ కాగితం పట్టుకుని పచార్లు చేశారు. అందరం చూశాం. మూడో రోజు సమావేశం పెట్టి, "వరాహమూర్తి గారూ, పియానో అభ్యర్థి పియానో మోసుకొచ్చాడా?" అని అడిగారు.

"లేదండి. మండలే సమకూర్చింది."

"అంటే వాద్యాన్ని మండలి సమకూర్చవచ్చును. చెయ్యి వాద్యంలో సగమని నిపుణుల లిఖితపూర్వక అభిప్రాయం ఉంది. కాబట్టి చేతిని కూడా మండలే సమకూర్చవచ్చును. అభ్యర్థి చెయ్యి కనిపించకపోతే అనుమానం. ప్రభుత్వ ఉద్యోగి చెయ్యి కనిపించకపోయినా ప్రభుత్వ ఉద్యోగి చెయ్యే కదా!"

సమావేశంలో అందరం తలలూపాం. నేను కూడా ఊపాను, ఆ చెయ్యి ఎవరిదో అప్పటికి తెలీదు కాబట్టి.

విధివిధానాలు నేనే రాశాను. సీనియర్ అసిస్టెంటు హోదాకి తగ్గని చెయ్యి అయి ఉండాలి. గోళ్ళు కత్తిరించి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అభ్యర్థికి దొంగచాటుగా సాయపడకుండా, ఆ ఉద్యోగికి సంగీత జ్ఞానం ఏ మాత్రమూ ఉండకూడదు. దానికి తాసీల్దారు గారి ధ్రువపత్రం కావాలి. రాసి సంతకం పెట్టేసరికి సెక్షనంతా నన్నే చూస్తోంది. మా ఆఫీసు వార్షికోత్సవంలో నేను ఒకసారి ప్రార్థన పాడాను. అప్పట్నుంచి ప్రార్థన లేకుండానే వార్షికోత్సవం మొదలుపెడుతున్నారు.

తాసీల్దారు గారు నన్ను ఎదురుగా నిలబెట్టి ఏదైనా పాడమన్నారు. మా ఇంట్లో పాడే మంగళహారతి ఎత్తుకున్నాను. రెండో లైను పూర్తి కాకుండానే ఆయన ముద్ర వేసేశారు. "అసలు సిసలు కేసండీ మీది. ఇంత నిర్వివాదంగా నేను ఏ ధ్రువపత్రమూ ఇవ్వలేదు" అన్నారు. ఆరు నెలలకి చెల్లుబాటు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది.

"శ్రీ జి. వరాహమూర్తి, సీనియర్ అసిస్టెంటు, వారి కుడిచేయి (మోచేతి వరకు) ప్రజాప్రయోజనము దృష్ట్యా వాద్యబృంద విభాగమునకు డిప్యుటేషనుపై పంపడమైనది. శ్రీ వరాహమూర్తి యొక్క మిగిలిన భాగము ప్రస్తుత సెక్షనులోనే యథాతథముగా కొనసాగవలెను. కొత్త విధులలో చేరు ఉద్యోగులందరి వలెనే సదరు చేయి ఆరు నెలల శిక్షణ పూర్తి చేయవలెను. అటు పిమ్మట మాత్రమే పరీక్ష."

ఆ ఉత్తర్వు ప్రతి ఇస్తే కెజియా మూడుసార్లు చదివింది.

"ఆరు నెలలంటే జూన్ మధ్యకండి. నా వయసు జూన్ నెలాఖరుకి అయిపోద్ది."

"పదిహేను రోజులు మిగులుతాయి కదమ్మా" అన్నాను. అప్పట్లో నాకది చాలా వ్యవధిలాగే కనిపించింది.

మిగతా నేను సెక్షన్ వదిలి వెళ్ళకూడదు కాబట్టి, శిక్షణకి కెజియానే సి-4 సెక్షన్‌కి రావలసి వచ్చింది. రోజూ పదకొండు నుంచి రెండింటి దాకా నా కుర్చీకి కుడిపక్క కుర్చీ వేసుకుని కూర్చునేది. నా కుడిచెయ్యి ఆమె గరాటులో, నా ఎడమచెయ్యి నా ఫైలు మీద. ఎడమచేత్తో నేను పెట్టిన సంతకాన్ని మొదటి నెల్లో ఎవరూ ఒప్పుకోలేదు. తరువాత కుడిచేత్తో పెట్టినదాన్ని ఒప్పుకోవడం మానేశారు.

మొదటిరోజు చెయ్యి ఎలా పెట్టాలో కెజియా చెబుతుంటే పక్క సీటులోంచి అభ్యంతరం వచ్చింది. అభ్యర్థి పరిశీలకుడితో మాట్లాడకూడదు కదా అని. ఫైలు నడిచింది. "వయొలిన్ అభ్యర్థి తీగలు బిగించుకొనుట నేరము కాదు. ఆ విధముగనే హార్న్ అభ్యర్థి శ్రీ వరాహమూర్తిని శృతి చేసుకొనవచ్చును" అని కార్యదర్శి గారు ఆదేశించారు.

"సార్, పిడికిలి వద్దు. నీళ్ళు తాగడానికి దోసిలి పడతారు చూడండి, అలాగ. వేళ్ళు దగ్గరగా పెట్టండి. ఇప్పుడు కొంచెం ముయ్యండి. అబ్బా, అంత కాదు సార్, నాకు ఊపిరి ఆడట్లేదు."

"ఎంత ముయ్యాలో కొలత చెప్పమ్మా. నేను కొలతల మీద పనిచేసే మనిషిని."

"కొలత ఉండదండి. వినాలి."

వినడమనేది నా ఉద్యోగ బాధ్యతల్లో ఎక్కడా లేదు. అయినా చెయ్యి అక్కడే ఉంది, పారిపోలేదు. ఫిబ్రవరిలో గోరుచుట్టు లేస్తే చేతికి మూడు రోజులు వైద్య సెలవు ఇచ్చారు. మిగతా నేను మాత్రం డ్యూటీకి రావాలి. సెలవులో ఉన్న చేత్తో పొరపాటున ఫైలు అందుకున్నానని మెమో కూడా వచ్చింది.

ఇంట్లో మా ఆవిడ సీతారత్నానికి ఈ ఏర్పాటు మొదట్లో నచ్చలేదు. "ఏవండీ, ఇరవై రెండేళ్ళయింది పెళ్ళై. కూరల సంచి పట్టుకోమంటే చెయ్యి నొప్పన్నారు. ఇప్పుడు రోజుకి మూడు గంటలు ఎవరి గొట్టంలోనో పెట్టుకుని కూర్చుంటున్నారా?" అంది. ఉత్తర్వు చూపించాను. "అయితే మిగిలిన భాగము నాకేగా, ఆ ఎడమచేత్తో సంచి పట్టుకోండి" అంది. ఉత్తర్వులో ఆ విషయం గురించి ఏమీ లేదు కాబట్టి పట్టుకున్నాను.

మార్చి నెలలో ఒకరోజు కెజియా ఎప్పుడూ వాయించనిదేదో ఎత్తుకుంది. గట్టిగా లేదు, తొందరగా లేదు. ఒక్కొక్క స్వరం నా అరచేతిలోకి వెచ్చగా వచ్చి, కాసేపుండి, వెళ్ళిపోతోంది. నేను ఎవరూ చెప్పకుండానే ఒకచోట కొద్దిగా ముయ్యాలనిపించి మూశాను. కెజియా ఆపకుండా కళ్ళతోనే అవునంది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అంతకుముందు ఆఫీసులో ప్రమోషను పోయినప్పుడు మాత్రమే అలా వచ్చాయి. ఆ రోజు ఎడమచేతి కింద ఫైలు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

"సార్, ఇప్పుడు మీరు విన్నారు" అంది కెజియా.

"ఎవరితోనూ అనకు" అన్నాను.

అనక్కర్లేకపోయింది. ఏప్రిల్‌కల్లా సెక్షన్ తీరే మారిపోయింది. టైపు కొట్టేవాళ్ళు లయగా కొడుతున్నారు. ప్యూను అప్పలస్వామి ఫైళ్ళు తెస్తూ కూనిరాగం తీస్తే ఆ రాగంలో వేలెత్తి చూపడానికి ఏమీ ఉండటంలేదు. ఎప్పుడో పాత పరీక్ష ఫలితం కోసం గొడవకొచ్చిన వాళ్ళు బల్ల మీద కూర్చుని విని, గొడవ సంగతి మరిచిపోయి, రేపు కూడా వస్తామని చెప్పి వెళుతున్నారు. మూడు అంతస్తుల్లోనూ రెండింటి దాకా ఎవరూ అరుచుకునేవారు కాదు. అద్దాల గది తలుపులు బిగించుకుని కూర్చునే కార్యదర్శి గారికి మాత్రం ఏమీ వినిపించేది కాదు. మేమంతా చక్కగా కనిపించేవాళ్ళం. ఆయనకి అంతే కావాలి.

జూన్ పదహారున నా చేతి శిక్షణ విజయవంతంగా ముగిసింది. పరీక్ష ఇరవై ఎనిమిదికి ఖరారైంది. సంగీత జ్ఞానం లేదన్న ధ్రువపత్రం గడువు కూడా పదహారునే తీరింది కాబట్టి, కొత్తది తెచ్చుకుందామని ధైర్యంగా తాసీల్దారు గారి దగ్గరికి వెళ్ళాను. అదే మంగళహారతి ఎత్తుకున్నాను. ఆయన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు. మొదటి లైను అయింది, రెండోదీ అయింది. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

"వరాహమూర్తి గారూ, ఇదేంటండీ?"

"ఏమైందండీ?"

"బావుంది."

కావాలని అపస్వరం వేద్దామని చూశాను. చెవి ఒప్పుకోలేదు. గొంతు దానంతట అదే సర్దుకుని శృతిలోకి వచ్చేసింది. తాసీల్దారు గారు నిజాయితీపరుడు. "అబద్ధపు ధ్రువపత్రం ఇవ్వలేను, క్షమించండి. మూడో చరణం కూడా పాడి వెళ్ళండి" అన్నారు.

ఆ మర్నాడు ఉత్తర్వు: "సదరు చేయి శిక్షణా కాలములో సంగీత జ్ఞానము సంపాదించినట్లు రుజువైనందున అనర్హమైనదిగా ప్రకటించి మాతృ శాఖకు తిరిగి పంపడమైనది." నా చెయ్యి నాకు తిరిగొచ్చింది. సంతోషించాల్సింది పోయి, దానికి ఏ పని చెప్పాలో తెలీక జేబులో పెట్టుకున్నాను.

ఆరు నెలలూ పక్కనే ఉండి చూసినవాళ్ళకి మళ్ళీ శిక్షణ అక్కర్లేదని, ఇంకో చెయ్యి వెతికారు. మూడు అంతస్తుల్లోనూ కలిపి ఉన్న పదకొండుమంది సీనియర్ అసిస్టెంట్లని తాసీల్దారు గారి దగ్గరికి జీపులో పంపారు. ఆరు నెలలు రోజుకి మూడు గంటల చొప్పున విన్నవాళ్ళు. పదకొండుమందీ ఫెయిలయ్యారు. ఇద్దరు యుగళం పాడారట. మిగిలింది కార్యదర్శి గారొక్కరే. ఆయన సంగీత జ్ఞానం విషయంలో ఎవరికీ ఏ అనుమానమూ లేదు గానీ, ఫలితాల మీద సంతకం చేసే చెయ్యీ గరాటులో పెట్టే చెయ్యీ ఒకటి కాకూడదని ఆయనే చెప్పారు.

"అయితే పరీక్ష వచ్చే ఏడాది పెట్టుకుందాం. పారదర్శకతకి తొందరపాటు పనికిరాదు" అన్నారు.

కెజియా ఆరోజు ఏడవలేదు. హార్న్‌ని పెట్టెలో పెట్టి, పెట్టెకి గొళ్ళెం వేసి, "మా తాతకి ఎనభై ఒకటండి. సోమవారం పరీక్షని యూనిఫాం ఇస్త్రీ చేయించుకున్నాడు, నాతో వస్తానని. ఏటని చెప్పను సార్?" అంది.

నాకు కోపమొచ్చింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు చాలాసార్లు కోపమొచ్చింది గానీ, ఎప్పుడూ మజ్జిగ తాగి ఊరుకునేవాణ్ణి. ఈసారి ఫైలు తెరిచాను. కోపాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలిసిన చోటు అదొక్కటే.

కుడిచేత్తో నోట్ రాశాను. చేతి పోస్టు మంజూరైన పోస్టు, ప్రస్తుతం ఖాళీగా ఉంది. ఖాళీని తొంభై రోజులకి మించకుండా బయటి వ్యక్తితో తాత్కాలికంగా నింపే అధికారం మండలికి ఉంది. తాత్కాలిక ఉద్యోగికి శిక్షణ అక్కర్లేదు. అర్హత ఏదైనా డిగ్రీ, సంగీత జ్ఞానం ఉండకూడదు. ఒక్కరోజు నోటీసు చాలు. కార్యదర్శి గారు మెచ్చుకుని, చెయ్యి దొరికితే సోమవారమే పరీక్ష అని సంతకం చేశారు. నోటీసు బోర్డులో అంటించి, ఆ పక్కనే నిలబడ్డాను. సాయంత్రానికి ఒక్క దరఖాస్తే వచ్చింది. అది నేనే చెప్పి పెట్టించింది. దారా కెజియా, బి.కాం.

"నేను నాకే చెయ్యిగా చేరొచ్చా సార్?" అంది బిత్తరపోయి.

"అభ్యర్థి వేరు, చెయ్యి వేరు. ఆరు నెలలు నేనూ నా చెయ్యీ వేరుగా బతకలేదూ? ఫైల్లో పూర్వోదాహరణ ఉంది. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, తాసీల్దారు గారి ముందు పాడి ఫెయిలవ్వాలి."

అక్కడే వచ్చింది చిక్కు. ఆ అమ్మాయికి తప్పుగా పాడటం రాదు. ఎంత వంకరగా పాడినా ఆ వంకరలో ఒక పద్ధతి ఉంటోంది. "మీరు మునుపు పాడేవారట కదా, అలా పాడి చూపించండి సార్, నేర్చుకుంటాను" అంది. నాకు చేతకాలేదు. నన్ను పాడుచేసిందే తను. చివరికి మా ఇంటికి తీసుకెళ్ళాను. సీతారత్నం విషయమంతా విని, కొంగు నడుముకి దోపి, ముందుగదిలో నిలబడింది.

"ఇరవై రెండేళ్ళు పొద్దున్నే స్నానాల గదిలోంచి విన్నదాన్ని. ఇది నాకంటే బాగా ఎవరు నేర్పుతారమ్మా? విను."

మా ఆవిడ నేను పాడినట్టు పాడింది. నేనలా పాడేవాణ్ణని అంతవరకూ నాకు తెలీదు. ఇంత సహించిన ఇల్లాలికి కూరల సంచి మొయ్యడం ఒక లెక్కలోది కాదని ఆ క్షణంలో అర్థమైంది. కెజియా నవ్వి నవ్వి సోఫా మీద పడింది. "పై స్వరానికి వెళ్ళాలని బయల్దేరి, దారిలో మనసు మార్చుకోవాలి" అని సీతారత్నం బోధించింది. "మారిన సంగతి గొంతుకి చెప్పకూడదు." రెండు రోజులు కఠిన సాధన. శుక్రవారం మధ్యాహ్నానికి కెజియా మా పక్క వాటావాళ్ళు కిటికీ మూసుకునే స్థాయికి వచ్చింది.

శనివారం తాసీల్దారు గారు ఆమెచేత ఒక్క లైను పాడించారు. "చాలమ్మా, చాలు. ఈ మధ్య అందరూ బాగా పాడుతుంటే విసుగెత్తిపోయాను" అని ముద్ర వేశారు.

సోమవారం, జూన్ ఇరవై ఎనిమిది. వసారాలో కెజియా తాత తెల్ల యూనిఫాంలో నిటారుగా కూర్చున్నాడు. లోపల రెండు రిజిస్టర్లు. ఒకదాంట్లో కెజియా అభ్యర్థిగా ఎడమచేత్తో సంతకం పెట్టింది, రెండోదాంట్లో ప్రభుత్వ తాత్కాలిక ఉద్యోగిగా కుడిచేత్తో. త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చి చుట్టూ తిరిగి చూశారు.

"వరాహమూర్తి గారూ, అభ్యర్థి కుడిచెయ్యి ఏది? కనిపించాలి కదా."

"అభ్యర్థికి సంబంధించినది ఎడమచెయ్యే సార్, కనిపిస్తోంది. కుడిచెయ్యి ప్రస్తుతం మన ఉద్యోగిది."

ఆయన ఫైలు అడిగి తీసుకున్నారు. ఫైలు తిరగేశారు. నా చేతి గురించిన పాత ఉత్తర్వు చూశారు. "అవును. పూర్వోదాహరణ ఉంది. కానివ్వండి" అన్నారు.

కెజియా తన చేతిని తన హార్న్‌లో పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ళ సాధన తర్వాత, మూడు ఫైళ్ళూ తొమ్మిది ఉత్తర్వులూ అయ్యాక, మా మండలి ముందు ఆ పని చేయగలిగింది. ఊపిరి తీసుకుని మార్చి నెలలో వాయించినదే వాయించింది. నా చెయ్యి లోపల లేకపోతేనేం, ప్రతి స్వరం ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో నాకు తెలుసు. నేను అనుకున్న ప్రతిచోటా ఆమె నాకంటే ఎంతో బాగా చేసింది. డిసౌజా మాస్టారు నూటికి తొంభై ఎనిమిది వేసి, మిగతా రెండూ మా ఆఫీసుకి తగ్గించానన్నారు. జూన్ ముప్ఫైన నియామక ఉత్తర్వు టైపై, సంతకమై, ఆమె చేతికందింది. ఏ చేతికి ఇవ్వాలని కార్యదర్శి గారు తటపటాయించి ఎడమచేతికి ఇచ్చారు.

కుడిచేతి తొంభై రోజుల కొలువు పూర్తవకముందే, సెప్టెంబరులో, వాద్యబృందం తొలి కచేరీ జరిగింది. హాలు కిటకిటలాడింది. సి-4 సెక్షనంతా కుటుంబాలతో వచ్చింది. రెండో అంశంలో హార్న్ ఒక్కటే చాలాసేపు పాడుతుంది. అది ముగిశాక హాలంతా లేచి నిలబడింది. డిసౌజా మాస్టారు సైగ చేస్తే కెజియా హార్న్‌ని పక్కవాళ్ళకిచ్చి లేచి, రెండు చేతులూ జోడించి జనానికి నమస్కారం పెట్టింది.

ముందు వరసలో త్రివిక్రమరావు గారు వాచీ చూసుకున్నారు.

మర్నాడు మెమో బయల్దేరింది. "తాత్కాలిక ఉద్యోగిగా విధులలో ఉన్న కుడిచేయి నిన్నటి కచేరీలో పన్నెండు సెకన్ల పాటు అనుమతి లేకుండా గరాటును వీడి, వ్యక్తిగత నమస్కారమునకు వినియోగింపబడినట్లు గమనించడమైనది. ఆ సమయమున సదరు చేయి ఎవరి ఆధీనములో ఉన్నదో మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను."

కెజియా ఆ రోజే జవాబు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తెల్లకాగితం మీద ఒక్క వాక్యం.

"అయ్యా, ఆ పన్నెండు సెకన్లూ ఆ చెయ్యి నా రెండో చేతి పక్కన ఉంది."

నేను అది రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టాను. దాని కింద కుడిచేత్తో రాశాను: "వివరణ సంతృప్తికరము. ఇకపై సదరు చేతిని అక్కడే ఉండనివ్వవచ్చును." కార్యదర్శి గారికి పంపాను. ఆయన అద్దాల గదిలో చాలాసేపు దాన్ని పట్టుకుని కూర్చోవడం మేమంతా చూశాం. తర్వాత ఆయన తన రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కాసేపు వాటి వంక చూసుకుని, సంతకం చేశారు.